కుమారి సాగరిక పదవీ విరమణ

సముద్రపు జంతువులను వినోదం కోసం నిర్బంధించరాదని పైనుంచి ఉత్తర్వు దిగిన రోజున, సాగర వినోద వికాస సంస్థలో ఎవరికీ మధ్యాహ్నం అన్నం సహించలేదు. బొడ్డవానిపాలెం తీరాన ఆ సంస్థకు మేడ ఉంది, మేడకు లిఫ్టు ఉంది, లిఫ్టులో ఎక్కి తిరగడానికి ఒక డైరెక్టరు, ఆయన వెంట తిరగడానికి బోలెడుమంది డిప్యూటీలు ఉన్నారు. ఇంతమందీ కలిసి వికాసం చేస్తున్న ప్రాణి మాత్రం ఒకే ఒక్క డాల్ఫిన్. ఒకప్పుడు ఎవరి వలలోనో చిక్కి గాయపడితే, అయ్యో పాపమని తెచ్చి సిమెంటు తొట్టిలో వేశారు. గాయం నెల తిరక్కుండా మానింది. మానిన సంగతి ఎవరూ పైకి రాయలేదు. అప్పటినుంచి అది పూటకొకసారి గెంతుతోంది, జనం టిక్కెట్టు కొని చప్పట్లు కొడుతున్నారు.

"మళ్లీ చదవవయ్యా," అన్నారు డైరెక్టరు విక్రమదేవ్‌గారు నీరసంగా.

చదువుతున్నవాడు కూర్మారావు. సిబ్బంది సెక్షన్ సూపరింటెండెంటు. ఆ మనిషి కడుపు చీరితే పేగుల బదులు సర్వీసు రూల్సే బయటపడతాయని ఆఫీసులో వాడుక. డాల్ఫిన్ పోతే సంస్థ మూత పడుతుంది, సంస్థ మూత పడితే తనను మన్యంలో ఏ కొండమీదికో తోలేస్తారని అతనికి పొద్దుటినుంచి గుండె దడగా ఉంది. ఆ దడలోనే తెలివి పుట్టింది.

"'నిర్బంధించరాదు' అని ఉందండి."

"అది వింటూనే ఉన్నాం కదా!"

"'నియమించరాదు' అని ఎక్కడా లేదండి."

డిప్యూటీలందరూ ఒక్కసారి తలలెత్తారు.

"ఉద్యోగంలోకి తీసుకుంటే సరిపోతుందండి," అన్నాడు కూర్మారావు వినయంగా. "తొట్టి అంటే నిర్బంధం. క్వార్టరు అంటే వసతి. చేపలు పడేస్తే మేత, నెలవారీ లెక్కన ఇస్తే జీతం. మనం గెంతిస్తే వినోదం. తనంతట తాను గెంతితే విధి నిర్వహణ."

డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "అంటే ఆ ప్రాణిని మనం సముద్రమనే అసంఘటిత రంగం నుంచి సంఘటిత రంగంలోకి తీసుకువస్తున్నామన్నమాట! అక్కడ దానికి ఉద్యోగ భద్రత ఉందా? లేదు. పింఛను ఉందా? లేదు. సొరచేప వచ్చి మింగితే అడిగే నాథుడున్నాడా? కూర్మారావూ, నువ్వు మామూలు మనిషివి కావయ్యా."

మామూలు మనిషి అయితే ఈ కథే ఉండకపోను.

మర్నాడే నియామకం పని మొదలైంది. పేరు 'కుమారి సాగరిక' అన్నారు. తండ్రి పేరు దగ్గర 'తెలియదు' అని రాయడం మర్యాద కాదని 'సముద్రుడు' అని రాశారు. పుట్టినరోజు దగ్గర ఎవరూ తడుముకోలేదు. ఎప్పుడు పుట్టారో తెలియని వాళ్లంతా మన దేశంలో జూలై ఒకటినే పుడతారు కదా, సాగరికా ఆ రోజే పుట్టింది. పుట్టుమచ్చలు రెండు కావాలి. రెండు పుట్టుమచ్చలు లేనిదే మన దగ్గర ఎవరూ పదో తరగతి గట్టెక్కరు. ఒళ్లంతా వెతికితే ఒకటే దొరికింది. రెండోది కూర్మారావు దయతో వచ్చింది. ఆరోగ్య పరీక్షకు వచ్చిన డాక్టరుగారు తొట్టికి దూరంగా నిలబడి, అభ్యర్థినికి పాదాలే లేవు కనుక చదును పాదాల దోషం లేదని ధ్రువీకరించి వెళ్లారు. ఆఖరికి రెక్కకు సిరా పూసి వేలిముద్ర వేయించారు.

ఉద్యోగుల సంఘం అధ్యక్షుడు భూషణంగారు పూలదండతో వచ్చి, సాగరికమ్మకు ఏ కష్టం వచ్చినా సంఘం అండగా ఉంటుందని తొట్టి గట్టుమీద నిలబడి ఉపన్యసించారు. సాగరికమ్మ ఆ దండను ముట్టెతో కాసేపు అటూ ఇటూ తోసి వదిలేసింది.

మండిపడ్డది ఒక్క పోలమ్మే. సాగరికకు రోజూ చేపలు వేసేది ఆమె. కాంట్రాక్టు మనిషి.

"ఓలమ్మో! దీన్ని పర్మినెంటు సేసీసినారా?" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "నాను ఈ సేపల కంపులో పడి సత్తన్నాను ఎన్నేళ్లనుంచో. నా కాయితం ఎక్కడుందో అడిగితే రేపు రా, మాపు రా అంతారు. తోకున్నదానికి ఉద్దోగం, కాళ్లున్నదానికి కూలా? ఏటి నాయం బాబూ ఇది?"

"రూల్సు అలా ఉన్నాయి పోలమ్మా," అన్నాడు కూర్మారావు.

"మీ రూల్సు మండా!" అని, ఆ కోపమంతా పోలమ్మ సాగరిక మీద చూపించింది. ఆ పూట చేపలు వేయలేదు, విసిరింది.

ఉత్తర్వు అమలైందో లేదో చూడటానికి పైనుంచి ఒక తనిఖీ అధికారిణి వచ్చారు. గట్టి మనిషి. టీ కూడా ముట్టకుండా తిన్నగా తొట్టి దగ్గరికి నడిచి, "ఇదేమిటి? ఈ డాల్ఫిన్‌ను ఇంకా బంధించి ఉంచారేం?" అని గద్దించారు.

"బంధించలేదండి. ఆమె మా ఉద్యోగిని. ఇది ఆమె క్వార్టరు," అన్నాడు కూర్మారావు.

"ఆమె ఎప్పుడంటే అప్పుడు సముద్రంలోకి వెళ్లవచ్చా?"

"నిరభ్యంతరంగా అండి. సెలవు పెట్టుకుని, అది మంజూరయ్యాక, హెడ్‌క్వార్టర్సు విడిచి వెళ్లడానికి ముందస్తు అనుమతి తీసుకుని వెళ్లవచ్చు."

"పెట్టుకుందా?"

"ఇప్పటిదాకా ఒక్క అర్జీ కూడా రాలేదండి. సంతోషంగా ఉందన్నమాట."

ఆ అధికారిణి తొట్టి చుట్టూ ఒకసారి చూశారు. గోడ వెంబడే ఒకే వైపు తిరుగుతున్న సాగరికను చూశారు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా అక్క కూతురి పెళ్లికి నాకూ ఇలాగే సెలవు ఇవ్వలేదు," అన్నారు మెల్లగా. ఆ తరువాత, 'ఇక్కడ నిర్బంధమేదీ కనిపించలేదు. సాధారణ ఉద్యోగ పరిస్థితులే ఉన్నవి' అని రాసి సంతకం పెట్టి వెళ్లిపోయారు. డైరెక్టరుగారు సిబ్బందికి లడ్డూలు పంచారు.

ఎండలు ముదిరాక సాగరిక గెంతడం మానేసింది. ఈల వేసినా రాదు, బంతి వేసినా చూడదు. పూర్తి టిక్కెట్టు కొన్న జనం గోల చేశారు. డైరెక్టరుగారు వెంటనే మెమో జారీ చేశారు. 'తమరు విధుల పట్ల ఉద్దేశపూర్వక నిర్లక్ష్యము వహించుచు, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. తమపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.' ఆ మెమోను పోలమ్మ గట్టుమీదినుంచి చూపించి రాయి కింద పెట్టింది. సంజాయిషీ రాలేదు. కనుక సస్పెండు చేశారు. సస్పెన్షన్లో ఉన్నవారికి సగం జీతమే ఇవ్వాలి. సాగరిక జీతం చేపలు. అందుచేత సగం చేపలు.

సగం చేపలు మొదలైన నాలుగు రోజులకు, సస్పెన్షన్ ఉత్తర్వు స్వయంగా అందజేయాలని కూర్మారావే తొట్టికి వెళ్లాడు. నిజం చెప్పాలంటే ఇంత కథ నడిపిన మనిషి అంతవరకూ ఆ ప్రాణిని దగ్గరగా చూసిందే లేదు. వేలిముద్ర వేయించిన రోజున కూడా అతని చూపు సిరా కాగితం మీదికి కారుతుందేమోనన్న దాని మీదే ఉంది.

సాగరిక ఓ మూల నీళ్లపైన కదలకుండా ఉంది. ఉన్నట్టుండి వెళ్లి గోడకు తల కొట్టుకుంది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లి కొట్టుకుంది. గోడ అవతల సముద్రం మోత వినిపిస్తోంది. ముట్టె మీద చర్మం లేచిపోయి తెల్లగా కనపడుతోంది.

"సగం సేపలు వెయ్యమన్నారు కదా బాబూ," అంది పోలమ్మ. గొంతులో వెనకటి విసురు లేదు. "ఆ సగమూ తిన్నం మానీసినాది. దీన్ని సూసి ఉడుక్కున్నాను, పాపం తగులుద్ది నాకు. పర్మినెంటూ వద్దు, గిర్మినెంటూ వద్దు. దీన్ని ఒగ్గీండి బాబూ. ఇలాగే ఉంచితే సచ్చిపోద్ది."

సాగరిక గట్టు దగ్గరికి వచ్చి తల పైకెత్తి కూర్మారావు వంక చూసింది. ఆ కన్ను చూడగానే నేనేం పని చేశాను దేవుడా అనుకున్నాడు. చేతిలో ఉన్న సస్పెన్షన్ ఉత్తర్వు అందజేయకుండానే తిరిగి వచ్చేశాడు. అతని ఉద్యోగంలో అదే మొదటి తప్పు.

తిన్నగా డైరెక్టరుగారి గదికి వెళ్లి, "దాన్ని సముద్రంలో వదిలేద్దామండి," అన్నాడు.

డైరెక్టరుగారు అదిరిపడ్డారు. "వదిలెయ్యడమా! మతి ఉండే మాట్లాడుతున్నావా? పర్మినెంటు ఉద్యోగినిని విచారణ లేకుండా వీధిలోకి నెట్టేస్తే కోర్టు ఊరుకుంటుందా? రేపు ఆ భూషణం టెంటు వేసుక్కూచుంటే ఎవరు సమాధానం చెప్పాలి? ఆమె హక్కులు ఏమైపోవాలి?"

"హక్కులున్నా ప్రాణం లేకపోతే..."

"ఉద్యోగిని కాకపోతే ఈపాటికి వదిలేసేవాళ్లం. ఉద్యోగిని చేసింది నువ్వు కాదూ?"

తను కట్టిన గోడ తన తలకే తగిలింది. కూర్మారావు సెక్షన్‌కు వచ్చి రూల్సు ముందేసుకున్నాడు. రాజీనామా ఇప్పించాలంటే అది స్వయంగా రాసివ్వాలి. స్వచ్ఛంద విరమణకు సర్వీసు చాలదు. అనారోగ్యం కింద పంపాలంటే మెడికల్ బోర్డు ముందు హాజరు పరచాలి, బోర్డు జిల్లా ఆసుపత్రి మేడమీద కూర్చుంటుంది. ఇక మిగిలింది ఒక్కటే దారి. వయసు మీరితే ఎవరినైనా పంపాల్సిందే. అందుకు డైరెక్టరూ అడ్డు చెప్పలేడు, భూషణమూ అడ్డు చెప్పలేడు, సాక్షాత్తూ బ్రహ్మదేవుడూ అడ్డు చెప్పలేడు.

తన చేతుల మీదుగా ఎవరి పుట్టిన సంవత్సరమూ ఒక్క అంకె మార్చనివ్వని మనిషి, కాళ్లు పట్టుకున్న వాళ్లను కూడా పొమ్మన్న మనిషి, ఆ సాయంత్రం సాగరిక వయసును ఒక్క గీతతో పెంచేశాడు. నిన్న కుమారి, ఇవాళ ముసలిది. ఈ నెలాఖరునే పదవీ విరమణ. అతని మనసు చాలా కాలానికి తేలికపడింది. ఆనక పదవీ విరమణ ఉత్తర్వు టైపు చేయించి, అలవాటు ప్రకారం అడుగున 'ప్రతి: అన్ని విభాగాలకు, తగు చర్య నిమిత్తం' అని పెట్టించాడు.

డైరెక్టరుగారు కాగితం చూసి, "అరె, ఇంత పెద్దావిడని గెంతించామా! ముందే చెప్పవేం?" అని నొచ్చుకుని సంతకం చేశారు. పనిలో పనిగా సస్పెన్షన్ ఎత్తేశారు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉద్యోగినిని ఉత్త చేతులతో పంపకూడదని ఘనంగా వీడ్కోలు సభ పెట్టమన్నారు.

నెలాఖరు రోజున పోలమ్మ తెల్లారకముందే వచ్చి పాత దుప్పట్లు తడిపి పెట్టుకుంది. కూర్మారావు పడవ మాట్లాడి ఒడ్డున నిలబెట్టించాడు. సభ అవగానే సాగరికను దుప్పట్లో చుట్టి, నలుగురూ మోసుకెళ్లి, సాయంత్రానికి సముద్రంలో దింపెయ్యాలి. పొద్దున్న వెళ్లి చూస్తే సాగరిక రెండు చేపలు తింది కూడా. "తెలిసిపోనాది బాబూ దానికి," అని పోలమ్మ నవ్వింది. కూర్మారావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సభ మేడ కింది హాల్లో పెట్టారు. సన్మాన గ్రహీత వేదిక మీదికి రాలేదు కనుక, ఆమె పెద్ద ఫొటో కుర్చీలో పెట్టి శాలువా కప్పారు. పోలమ్మను ఆఫీసు తెరవకముందే హాల్లోకి పిలిచి, అక్కడే ఉండి మంచినీళ్లు అందించమన్నారు. భూషణంగారు మాట్లాడారు. డిప్యూటీలందరూ వరసగా మాట్లాడారు. సాగరికమ్మగారు ఏనాడూ ఎవరితోనూ పరుషంగా మాట్లాడి ఎరగరని, అంత నిరాడంబర జీవి మరొకరు లేరని, కట్టుబట్టలు కూడా ఆశించలేదని మెచ్చుకున్నారు. డైరెక్టరుగారు ఆఖరున అందుకుని, సముద్రం పుట్టుక దగ్గరినుంచి మొదలుపెట్టారు. కూర్మారావు వేదిక మీద ఓ చివర గడియారం చూస్తూ కుర్చీలో ఇటు కదిలీ అటు కదిలీ కూర్చున్నాడు. ఉపన్యాసం మధ్యలో ఇంజనీరింగు విభాగం ఏఈ హుషారుగా వేదిక ఎక్కి కూర్మారావు చేతిలో ఓ కాగితం పెట్టాడు.

"బాకీలు లేనట్టు సర్టిఫికెట్టండి. ఎవరికైనా రిటైరయ్యాక ఆర్నెల్లు తిప్పించుకుని ఇస్తాం, మేడంగారికి మాత్రం సభ అయ్యేలోపే ఇచ్చేశాం."

"ఇంత తొందరగా ఎలా అయిందయ్యా?"

"మీ ప్రతి అందింది కదండీ, తగు చర్య నిమిత్తం అని. రిటైరైన వాళ్ల క్వార్టరుకు నీళ్లు ఆపెయ్యాలి కదా. ఆపకపోతే ఆడిట్ వాళ్లు రాసేస్తారు. పొద్దున ఆఫీసు తెరవగానే ఆపించి, ఉన్న నీళ్లు కూడా తోడించేశాం."

కూర్మారావు కుర్చీ వెనక్కి పడిపోయింది. వేదిక దిగి పరుగెత్తాడు. అతని ముఖం చూసిన పోలమ్మ గ్లాసుల పళ్లెం వదిలేసి అతనికంటే ముందు పరుగెత్తింది.

తొట్టి అడుగున సిమెంటు మీద సాగరిక పడి ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ తిన్నగా పడుతోంది. నీళ్లలో తేలే ఒళ్లు నేలమీద తన బరువు తనే ఓర్చుకోలేదు. వీపు మీద చర్మం బీటలువారింది. పోలమ్మ మెట్లు దిగి దాని తల ఒళ్లో పెట్టుకుని, "నీళ్లు! నీళ్లు తెండర్రా మీ వంసాలు కూల!" అని కేకలు పెట్టింది. కూర్మారావు వీడ్కోలు సభకు తెప్పించి హాలు గుమ్మంలో పెట్టిన మంచినీళ్ల సీసాలు మోసుకొచ్చి, ఒక్కొక్కటే మూత తీసి దాని మీద పోశాడు. పోసిన నీళ్లు పోసినట్టే ఆవిరైపోయాయి. సాగరిక ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసింది. ఆ తరువాత తియ్యలేదు. హాల్లో డైరెక్టరుగారి ఉపన్యాసానికి చప్పట్లు వినిపించాయి.

కబురు తెలిసి డైరెక్టరుగారు వచ్చారు. చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని తొట్టిలోకి తొంగి చూశారు.

"ఎప్పుడు పోయింది?"

"ఇప్పుడేనండి," అన్నాడు కూర్మారావు.

"అయిదు కాకముందే కదా?"

"కాకముందేనండి."

డైరెక్టరుగారి ముఖం విచ్చుకుంది. "అయితే ఇంకా పదవీ విరమణ చెయ్యలేదు! సర్వీసులో ఉండగా కన్నుమూసిందన్నమాట. చూశావా, ఎంత కర్తవ్యనిష్ఠ! ఆఖరి రోజు కూడా ఆఫీసు వేళల్లో క్వార్టరు విడిచి పోలేదు." చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. "కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వాలి. వెంటనే ఫైలు పెట్టు."

"దానికి కుటుంబం లేదండి," అన్నాడు కూర్మారావు.

"తండ్రి పేరు సముద్రుడని నువ్వే రాశావు కదయ్యా. సముద్రం నిండా దాని వాళ్లేగా! పడవ కూడా సిద్ధంగానే ఉంది. వల ఒక్కటి వేసుకుంటే చాలు. మనల్ని నమ్ముకున్న కుటుంబాన్ని మనం ఆదుకోకపోతే ఎవరు ఆదుకుంటారు?"

చెయ్యనని అందామనుకున్నాడు కూర్మారావు. మనసారా అనుకున్నాడు. కాని నోటికి చిన్నప్పటినుంచి అలవాటైన మాట ఒక్కటే. "చిత్తం," అంది నోరు.

పోలమ్మ విన్నది. తొట్టిలోంచి పైకి వచ్చి, అతని ముందు నేలమీద ఉమ్మేసి, సముద్రం వైపు పరుగెత్తింది. పడవకు అడ్డం పడి, "పారిపోండే తల్లీ! దూరంగా పారిపోండే!" అని అలల్లోకి అరిచింది. కాపలావాళ్లు రెక్క పట్టుకుని గేటు బయటికి ఈడ్చేశారు. ఆమెకు మెమో ఇవ్వలేదు, సంజాయిషీ అడగలేదు. కాంట్రాక్టు మనిషికి అవన్నీ ఎందుకు, రేపటినుంచి రావద్దంటే సరిపోతుంది.

పొద్దు వాలకముందే పడవ తిరిగొచ్చింది. వలలో ఉన్నది చిన్న కూన, ఇంకా తల్లి పాలు మరవనిది. దాన్ని చూడగానే కూర్మారావుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. సెక్షన్‌కు పరుగెత్తుకెళ్లి నోటు రాశాడు. 'అభ్యర్థిని మైనరు. మైనరును ఏ ఉద్యోగమునందును నియమించుటకు నిబంధనలు అంగీకరించవు. కావున వెంటనే విడిచిపెట్టవలెనని మనవి.' జీవితంలో మొదటిసారి రూల్సు ధర్మం వైపు నిలబడ్డాయని అతనికి ఏడుపు వచ్చింది.

డైరెక్టరుగారు నోటు రెండుసార్లు చదివారు. "నిజమే. మైనరును పనిలో పెట్టుకోవడం అమానుషం," అన్నారు. కలం తీసి దాని కిందే ఉత్తర్వు రాశారు.

'సూపరింటెండెంటు అభ్యంతరముతో ఏకీభవించడమైనది. మేజరు అగువరకు నియమించరాదు. అంతవరకు మానవతా దృక్పథముతో, కీర్తిశేషురాలి క్వార్టరునందే నివసించుటకు ఆ అనాథకు అనుమతి ఇవ్వడమైనది. నీటి సరఫరా తక్షణమే పునరుద్ధరించవలెను.'

ఉత్తర్వు ప్రతులు తగు చర్య నిమిత్తం అన్ని విభాగాలకూ వెళ్లాయి. ప్రతుల అడుగున, డైరెక్టరుగారి తరఫున, సంతకం కూర్మారావుదే.